జిమ్‌లో మాట వినని క్లయింట్: చిక్కు అసలు ఎక్కడుంది?

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో జనవరి మొదటి వారాల్లోనూ, పెళ్లి ముహూర్తాలు దగ్గరపడే రోజుల్లోనూ జిమ్‌లు కిటకిటలాడతాయి. ఆ రద్దీ తగ్గిన నెల రోజులకే రెండు వైపుల నుంచీ ఫిర్యాదులు మొదలవుతాయి. డబ్బు కట్టించుకునేదాకా ఉన్న మర్యాద ఆ తర్వాత లేదని, సెట్టుకూ సెట్టుకూ మధ్య ట్రైనర్ ఫోన్ చూసుకుంటూ నిలబడతాడని క్లయింట్లు అంటారు. చెప్పిన వ్యాయామం చేయరని, చెప్పిన తిండి తినరని, ఫలితం రాకపోతే మాత్రం తమనే నిలదీస్తారని ట్రైనర్లు అంటారు. బరువులు ఎత్తించడం నేర్పే కోర్సులు ఉన్నాయి కానీ, ఎదురుగా నిలబడి కోప్పడుతున్న మనిషితో ఏం మాట్లాడాలో నేర్పేవి తక్కువ. అందుకే ఇరవై రెండేళ్ల కుర్రవాడు యాభై ఏళ్ల వ్యాపారికి సర్దిచెప్పలేక నలిగిపోవడం తరచూ కనిపిస్తుంది.

'కష్టమైన క్లయింట్' అని ట్రైనర్లు ఒకే గాటన కట్టేవారి వెనుక నిజానికి నాలుగు వేర్వేరు సమస్యలు ఉంటాయి. ఫలితం మీద పెట్టుకున్న ఆశ, బయటకు చెప్పని ఆరోగ్య సమస్య, డబ్బుకు సంబంధించిన ఒప్పందం, ప్రవర్తన. మొదటి మూడింటిలో ట్రైనర్ వైపుగానీ జిమ్ యాజమాన్యం వైపుగానీ సవరించుకోవలసింది కొంత ఉంటుంది, నాలుగోదానిలో, అంటే హద్దు మీరిన ప్రవర్తనలో, బేరానికే తావుండదు. ఏది ఏదో పోల్చుకోకుండా అన్నిటికీ ఒకటే జవాబు చెప్పడం వల్లనే చిన్న చిక్కు పెద్ద గొడవ అవుతుంది.

ఇక్కడ ఒక మాట ముందుగా చెప్పుకోవాలి. జిమ్‌లో నెలవారీ సభ్యత్వం కట్టినవారు 'మెంబర్లు'. వారికి ట్రైనర్ అడపాదడపా సాయం చేస్తాడు. విడిగా మరింత ఫీజు కట్టి, గంటసేపు ఒక్కరికే నేర్పించుకునేది పర్సనల్ ట్రైనింగ్, జిమ్ వాడుకలో పీటీ. చాలాచోట్ల ట్రైనర్‌కు వచ్చే జీతం కొద్దిగానే ఉండి, పీటీ ఫీజులో వాటాయే అసలు ఆదాయం అవుతుంది. క్లయింట్‌తో గొడవ పడితే పోయేది మనశ్శాంతి ఒక్కటే కాదు, ఆ నెల ఇంటి అద్దె కూడా. ట్రైనర్లు ఎందుకు నిజం చెప్పడానికి జంకుతారో, ఎందుకు అనవసరంగా సహిస్తారో ఈ లెక్క తెలియకుండా అర్థం కాదు.

నెలలో పది కిలోలు: మొదటి రోజు మాట, మూడో వారం గొడవ

బస్టాండు దగ్గర హోటల్ నడిపే నలభై ఆరేళ్ల వ్యక్తి ఒకరు జిమ్‌కు వచ్చారనుకుందాం. బరువు 85 కిలోలు. "నెలాఖరుకి పది కేజీలు దిగాల సామీ, మా అమ్మాయి పెళ్లుండాది" అంటారు. ట్రైనర్ "తగ్గిద్దాం సార్, మీరు వస్తే చాలు" అంటాడు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుకున్నారు, ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు. కానీ గొడవకు విత్తనం పడింది అక్కడే.

లెక్క వేసి చూద్దాం. ఒక కిలో శరీర కొవ్వులో దాదాపు 7,700 కిలో కేలరీల శక్తి ఉంటుందని స్థూలంగా లెక్కిస్తారు. పది కిలోలకు 77,000. దాన్ని ముప్పై రోజులకు పంచితే రోజుకు సుమారు 2,570 కిలో కేలరీల లోటు రావాలి. గల్లాపెట్టె దగ్గర కూర్చుని పనిచేసే ఆ వయసు మనిషి శరీరం రోజంతా కలిపి ఖర్చు పెట్టేదే దాదాపు అంత. అంటే నెల రోజులు పచ్చి మంచినీళ్లతో గడిపినా ఆ లెక్క కష్టంగానే తేలుతుంది. గంటసేపు ట్రెడ్‌మిల్ మీద వడివడిగా నడిచినా ఖర్చయ్యేది 300 నుంచి 350 వరకే. నిలకడగా సాధ్యమయ్యేది రోజుకు 550 కిలో కేలరీల లోటు అనుకుంటే, వారానికి 3,850, అంటే అర కిలో. నెలకు రెండు కిలోలు. ఈ 7,700 అన్నది కూడా అంచనాయే. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి నెలలు గడిచేకొద్దీ వేగం మందగిస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, అదే ట్రైనర్ మీదకు తిరిగి వస్తుంది. తిండి తగ్గించిన మొదటి వారంలో కండరాల్లో, కాలేయంలో శరీరం దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ నీరూ పోతుంది. తూకం యంత్రం మీద ఒకటిన్నర, రెండు కిలోలు తగ్గినట్టు కనిపిస్తుంది. ట్రైనర్ అదంతా తన గొప్పే అన్నట్టు ఊరుకుంటాడు, క్లయింట్ పొంగిపోతారు. మూడో వారానికి ముల్లు కదలదు. అప్పుడు "నీకు చేతకాదు", "మీరు ఇంట్లో ఏదో తింటున్నారు" అనే మాటలు పుడతాయి. నిజానికి ఆ వారం ఎవరూ కొత్తగా తప్పు చేయలేదు. మొదటి వారం పోయింది ఎక్కువగా నీరేనని అప్పుడే చెప్పి ఉంటే మూడో వారం ఎవరికీ ఆశ్చర్యం కలిగేది కాదు.

దీని మీద ట్రైనర్లలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మొదటి రోజే నిజం చెబితే మనిషి పక్క వీధి జిమ్‌కు వెళ్లిపోతాడని, చేరనిస్తే తర్వాత నెమ్మదిగా నచ్చజెప్పుకోవచ్చని ఒక వాదన. ఇది కొట్టిపారేయదగింది కాదు. పక్క వీధి జిమ్ నిజంగానే ఉంది, అక్కడ పదిహేను కిలోలు తగ్గిస్తామనే బోర్డు కూడా ఉండవచ్చు. సాధ్యమయ్యేది కాగితం మీద రాసి ఇస్తే వచ్చేవారు తగ్గినా నిలిచేవారు పెరుగుతారని రెండో వాదన. నాకు రెండోది సబబుగా తోస్తుంది, అయితే ఒక షరతు మీద. 'కాదు' అన్నంత మాత్రాన సరిపోదు. ఆ తండ్రికి కావలసింది పది అనే అంకె కాదు, పెళ్లిరోజు కుట్టించుకున్న చొక్కా బొత్తాలు పట్టాలి, అతిథులను పలకరిస్తూ రోజంతా నిలబడగలగాలి. రెండు మూడు కిలోలు తగ్గడం, నడుము చుట్టుకొలత కొంత తగ్గడం, మెట్లెక్కితే ఆయాసం తగ్గడం నెల రోజుల్లో అందుకోగలిగినవే, కొలిచి చూపించగలిగినవే. ఇక పొట్ట ఒక్కటే తగ్గించమని అడిగేవారి విషయానికొస్తే, ఏ భాగానికి వ్యాయామం చేస్తే ఆ భాగంలోని కొవ్వే కరుగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తే క్రంచెస్ పొట్ట కండరాన్ని గట్టిపరుస్తాయి, పైనున్న కొవ్వును ఏరి తీసేయవు.

ఫారంలో ఖాళీగా వదిలేసిన గడి

జిమ్‌లో వ్యాయామం చేస్తూ కుప్పకూలిన వార్త వచ్చిన ప్రతిసారీ ట్రైనర్లు, క్లయింట్లు ఇద్దరూ భయపడతారు. చేరేటప్పుడు నింపే ఫారంలో బీపీ, షుగర్, గుండె జబ్బు అనే గడులు ఉంటాయి. చాలామంది వాటిని ఖాళీగా వదిలేస్తారు. చేర్చుకోరేమోనన్న జంకు కొందరిది, ఊరంతా తెలిసిపోతుందన్న బిడియం మరికొందరిది, 'మాత్ర వేసుకుంటున్నాను కదా, ఇంకేం జబ్బు' అన్న నమ్మకం ఇంకొందరిది.

ఇలా దాచిన విషయం బయట మొండితనంలా కనిపించవచ్చు. ఒక ఉదాహరణ చూద్దాం. బాలాజీ కాలనీలో ఉండే యాభై ఎనిమిదేళ్ల విశ్రాంత ఉద్యోగి ట్రెడ్‌మిల్ ఎక్కారు. 220 నుంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగం కట్టే పాత సూత్రం ప్రకారం ఆయనకు 162. అందులో 70 శాతం అంటే 113. ట్రైనర్ దృష్టి యంత్రం మీది అంకె మీదే ఉంది. అది 95 దాటడం లేదు. "ఇంకొంచెం స్పీడ్ పెంచండి సార్, మీరు కష్టపడటం లేదు" అంటాడు. ఆయన ముఖం ఎర్రబడుతుంది, మాట తడబడుతుంది, చివరికి "నీ పని నువ్వు చూసుకో" అని దిగిపోతారు. జరిగిందేమిటంటే, ఆయన బీపీకి వాడుతున్నది అటెనలాల్ లేదా మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్ర. అది గుండె వేగాన్ని పెరగనివ్వదు. శరీరం పడుతున్న శ్రమకూ తెర మీది అంకెకూ పొంతన ఉండదు. అలాంటివారికి మాట పరీక్ష నయం: వ్యాయామం చేస్తూ వాక్యాలు మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ; మూడు నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే అది తీవ్ర శ్రమ.

మధుమేహం సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్ర గానీ తీసుకునేవారు ఉదయం అయిదున్నర బ్యాచ్‌కు ఏమీ తినకుండా వస్తే, వ్యాయామం మధ్యలో రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకంటే కిందికి పడిపోవచ్చు. దాని లక్షణాల్లో చెమట, వణుకు, గుండె దడతోపాటు అకారణమైన చిరాకు, తికమక కూడా ఉన్నాయి. నిన్నటిదాకా సౌమ్యంగా ఉన్న మనిషి ఈరోజు డంబెల్ నేలకు విసిరి కేకలు వేస్తే, అది కోపం కాకపోవచ్చు. మర్యాద గురించి వాదించేందుకు అది సమయం కాదు. స్పృహలో ఉన్న మనిషికి చక్కెర నీళ్లో పళ్లరసమో పట్టించవలసిన సమయం.

ఇలాంటివి ముందే పట్టుకోవడానికి 1970లలో కెనడాలో రూపొందిన పార్-క్యూ అనే ఏడు ప్రశ్నల పత్రం, దాని తర్వాతి రూపాలు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. ఛాతీలో నొప్పి వస్తుందా, తల తిరిగి పడిపోయారా, ఏ మందులు వాడుతున్నారు, కీళ్ల సమస్య ఉందా వంటి ప్రశ్నలే అవి. అందరినీ డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మనాలా అన్నదాని మీద మాత్రం భేదాభిప్రాయాలు ఉన్నాయి. తెమ్మంటే జిమ్‌కు రక్షణ, క్లయింట్‌కు నిశ్చింత అని కొందరు అంటారు. ఆ అడ్డంకి వల్ల నడకతో మొదలుపెట్టవలసినవారు కూడా ఇంట్లోనే ఆగిపోతారని ఇతరుల ఆందోళన. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2015లో తన మార్గదర్శకాలను మార్చి, ఇప్పటికే ఎంత వ్యాయామం అలవాటుంది, గుండె, మధుమేహం, మూత్రపిండాల జబ్బుగానీ వాటి లక్షణాలుగానీ ఉన్నాయా, ఎంత తీవ్రమైన వ్యాయామం చేయదలిచారు అనే మూడింటిని బట్టి డాక్టర్ అనుమతి అవసరమో కాదో తేల్చాలంది. తిరుపతిలో స్విమ్స్, రుయా వంటి పెద్దాసుపత్రులు ఉన్నాయి కాబట్టి 'ఒకసారి చూపించుకుని రండి' అనడం తేలికే. కానీ ఆ మాట ఎవరికి అవసరమో గుర్తించి అనడం వేరు, తప్పించుకోవడానికి అందరితో అనడం వేరు.

గడి ఖాళీగా ఉన్నప్పుడు అడిగే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. రిసెప్షన్‌లో నలుగురి ముందు "ఏమైనా జబ్బులు ఉన్నాయా?" అంటే ఎవరైనా లేవనే అంటారు. పక్కకు కూర్చోబెట్టి "రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటారా సార్? దాన్ని బట్టి మీకు వ్యాయామం మార్చి ఇస్తాను" అంటే జవాబు మారుతుంది. రెండోదానిలో చెప్పడం వల్ల నష్టం లేదని, లాభం ఉందని తెలుస్తోంది.

పెరటాసి నెల, మెట్ల మొక్కు: అలవాటును అడ్డంకిగా చూడటం

ఈ ప్రాంతానికే చెందిన ఒక తగాదా ఉంది. సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా వచ్చే పెరటాసి నెలలో తిరుపతి, చిత్తూరు వైపు చాలా ఇళ్లలో మాంసం, గుడ్డు ముట్టరు. శనివారాలు ఒక్కపొద్దు ఉంటారు. ఫోన్‌లో దొరికిన డైట్ చార్టును అలాగే పంపిన ట్రైనర్ దానిలో ఆరు గుడ్ల తెల్లసొన, రెండు పూటలా చికెన్, ఓట్స్ రాస్తాడు. క్లయింట్ వారం తర్వాత ఆ చార్టు వైపే చూడరు. 'కమిట్‌మెంట్ లేదు' అన్న ముద్ర పడుతుంది. నిజానికి కమిట్‌మెంట్ ఉంది, అది మరో చోట ఉంది. ఉలవల్లో 100 గ్రాములకు దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, పెసల్లో 24, వేరుశనగల్లో 25. ఉలవచారు కాకుండా ఉలవ గుగ్గిళ్లు, పెసరట్టు, గడ్డ పెరుగు, పనీర్ కలుపుకుంటే నెల గడిచిపోతుంది. రాగి సంగటిని చార్టులోంచి తీసేసి ఓట్స్ పెట్టడంలో కూడా పెద్ద ప్రయోజనం ఏమీ లేదు. సంగటి ముద్ద పరిమాణం చూసుకోవలసిన మాట వేరు.

మొక్కు విషయం ఇంకా బరువైనది. మోకాళ్ల నొప్పి ఉన్న యాభై రెండేళ్ల ఇల్లాలు, కొడుక్కు ఉద్యోగం వస్తే నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నారు. ఉద్యోగం వచ్చింది. ట్రైనర్ "ఈ మోకాళ్లతో మెట్లా? వద్దమ్మా" అంటే ఆమె మొక్కు మానుకోరు, జిమ్ మానుకుంటారు. మొక్కు తీర్చుకోవాలా వద్దా అన్నది ట్రైనర్ చేతిలో లేదు; ఎలా సిద్ధం కావాలన్నది ఉంది. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దూరం. గాలిగోపురం దాకా నిటారుగా ఎక్కి, ఆపైన చాలాసేపు తేలికైన నడక, చివర్లో మళ్లీ మోకాళ్ల పర్వతం. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388 మాత్రమే కానీ అవి రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉన్నాయి, అంటే ఎక్కుడు మరీ నిటారు, ఊపిరి తిప్పుకునే చదును తక్కువ. 'మెట్లు తక్కువ కదా' అని అటు వెళ్లేవారికి ఇది తెలియడం మంచిది. డాక్టర్ సరేనన్నాక, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, తక్కువ ఎత్తు పీట ఎక్కి దిగడం, వారం వారం ఎత్తు పెంచడం ద్వారా రెండు మూడు నెలల్లో తొడ కండరాలను బలపరచవచ్చు. దిగేటప్పుడు మోకాలి మీద, తొడ ముందు కండరం మీద పడే ఒత్తిడి బాధాకరం కాబట్టి దిగడానికి బస్సు ఎక్కడంలో మొక్కుకు లోటేమీ లేదు. మంచి కారణం వెతుక్కోకుండానే శ్రద్ధగా వ్యాయామం చేసే క్లయింట్ ఎవరైనా ఉన్నారంటే, అది ఈ తల్లే.

చెప్పింది చేయనివారు: గట్టిగా చెప్పాలా, విని చెప్పాలా

ఇక్కడ రెండు ఆలోచనా ధోరణులు ఉన్నాయనవచ్చు. ట్రైనర్ గురువు లాంటివాడు, గట్టిగా చెబితేనే పని జరుగుతుంది అనేది మొదటిది. రెండోది, మనిషిని తోసేకొద్దీ ఎదురు తిరుగుతాడంటుంది. తన స్వేచ్ఛకు భంగం కలుగుతోందని అనిపించినప్పుడు మనిషి చెప్పినదానికి విరుద్ధంగా వెళ్లాలని చూడటాన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ 1966లో సిద్ధాంతీకరించాడు. విలియం మిల్లర్ 1983లో మద్యం అలవాటు ఉన్నవారితో పనిచేస్తూ ప్రతిపాదించి, ఆ తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి ఈ దారిలోదే. మారవలసిన కారణాలు మనం చెప్పడం కాదు, అవతలి మనిషి నోటి నుంచే వచ్చేలా అడగడం దాని సారం.

ఒకే సందర్భాన్ని రెండు రకాలుగా చూద్దాం. ఒక గృహిణి వారంలో మూడు రోజులు రాలేదు. "ఎందుకు రాలేదు మేడమ్? ఇట్లయితే తగ్గరు" అన్నాడు ట్రైనర్. "ఇంట్లో పనుండాది నాయనా, నీకు తెలీదులే" అని ఆమె ముఖం తిప్పుకున్నారు. సంభాషణ అక్కడితో ముగిసింది. రెండోసారి ఇలా అన్నాడనుకుందాం: "ఈ వారం ఇంట్లో పని ఎక్కువైనట్టుంది మేడమ్. ఏ రోజులైతే మీకు కాస్త వీలవుతుంది?" ఆమె కాసేపు ఆగి, "సోమ, బుధ, శుక్రవారాలు మా అత్తకు డయాలసిస్. ఆ రోజులు ఆసుపత్రిలోనే గడిచిపోతాయి" అన్నారు. ఆరు రోజుల షెడ్యూలు మొదటినుంచీ ఆమెకు సరిపడేది కాదు. మంగళ, గురు, శనివారాలకు మార్చి, మిగతా రోజుల్లో ఆసుపత్రి వరండాలో ఇరవై నిమిషాల నడక అనుకుంటే సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు చెప్పినది కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం. ఆరు రోజులూ జిమ్‌కు రావాలని ఎక్కడా లేదు.

అయితే గట్టిగా చెప్పాలనే మొదటి ధోరణి పూర్తిగా తప్పనడం న్యాయం కాదు. తెల్లవారుజామున ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియంలో కానిస్టేబుల్ పరీక్షకు 1,600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రవాళ్లను చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. వారి గడువు ఎవరో పెట్టినది, లక్ష్యం వారు ఎంచుకున్నది. కోచ్ గట్టిగా అరిస్తే వారికి అది అవమానం కాదు, ఆసరా. గట్టిదనం పనిచేసేది అవతలి మనిషి దానికి ముందే ఒప్పుకున్నప్పుడు. ఒప్పుకోని మనిషి మీద, పైగా శిక్షగా వ్యాయామం చేయించడం ప్రమాదకరం కూడా. అలవాటు లేని శరీరంతో మొదటి రోజుల్లోనే వందలకొద్దీ గుంజీలు తీయిస్తే కండర కణాలు విచ్ఛిన్నమై, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే రాబ్డోమయోలైసిస్ అనే స్థితి రావచ్చు. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారడం దాని హెచ్చరిక.

రీల్స్ చూసి వచ్చి "మీరు చెప్పేది తప్పు" అనేవారి గురించి రెండు మాటలు చాలు. వారు చెప్పేది చాలాసార్లు తప్పే, కొన్నిసార్లు ఒప్పే. స్క్వాట్ (గుంజీలా కూర్చుని లేవడం) చేసేటప్పుడు మోకాలు కాలి వేళ్లను దాటకూడదన్న పాత నియమాన్ని ఇంకా పట్టుకుని ఉన్న ట్రైనర్లు ఉన్నారు. పొడవైన తొడ ఎముక ఉన్నవారికి అది కాస్త దాటక తప్పదు, ఆరోగ్యవంతమైన మోకాలికి అది హానీ కాదు. ఆ వీడియో చూపించమని ఇద్దరూ కలిసి చూడటం వల్ల ట్రైనర్ గౌరవం తగ్గదు.

ఫీజు, రీఫండ్: రసీదు మీద రాయని లెక్క

డబ్బు గొడవల్లో ట్రైనర్ తరచూ మధ్యలో నలుగుతాడు. నిర్ణయం యజమానిది, తిట్లు ట్రైనర్‌కు.

ఏడాదికి 12,000 రూపాయలు కట్టి రెండు నెలలు వచ్చిన క్లయింట్, తనకు మాటిచ్చిన ట్రైనర్ మానేశాడు కాబట్టి మిగతాది తిరిగిమ్మంటారు. ఆయన లెక్క: నెలకు 1,000 చొప్పున 2,000 పోగా 10,000 రావాలి. యజమాని లెక్క: ఏడాదికి కట్టారు కాబట్టి తగ్గింపు ఇచ్చాం, విడిగా నెలకు 1,500, రెండు నెలలకు 3,000 పోగా 9,000. రెండూ అర్థవంతమైన లెక్కలే. ఏది వర్తిస్తుందో రసీదు మీద రాసి లేకపోవడమే తగాదాకు మూలం. రసీదు అడుగున ఉండేది 'డబ్బు వాపసు ఇవ్వబడదు' అన్న ఒక్క వాక్యమే.

ఆ వాక్యం ఎంతవరకు నిలుస్తుంది? 2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, లోపభూయిష్టమైన సేవను నిలిపివేసి, తీసుకున్న సొమ్మును రసీదులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే ముప్పై రోజుల్లోగా తిరిగివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. కాబట్టి ఏసీ, యంత్రాలు నెలల తరబడి పనిచేయకపోయినా, హామీ ఇచ్చిన సేవ అందకపోయినా ఆ ఒక్క వాక్యం జిమ్‌ను కాపాడకపోవచ్చు. మరోవైపు, సేవ అంతా సవ్యంగా ఉండి క్లయింట్‌కే రావాలనిపించకపోతే, వాపసు దానంతట అది హక్కు కాదు. ట్రైనర్ మానేయడం ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. ఫలానా ట్రైనర్ కోసమే పీటీ కట్టారా, సాధారణ సభ్యత్వమా అన్నది అక్కడ కీలకం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు; జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు విలువకు ఫిర్యాదు రుసుము కూడా లేదు.

జీఎస్టీ మీద కూడా గందరగోళం ఉంది. జిమ్ సేవల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 12,000 ఫీజు మీద పన్నుతో కలిపి ముందు 14,160 అయ్యేది, ఇప్పుడు 12,600. 'మరి మాకెందుకు తగ్గించలేదు' అని అడిగే క్లయింట్‌ను తగాదాకోరు అనడం తగదు. కానీ ఏడాది రాబడి 20 లక్షలకు లోపు ఉండి జీఎస్టీ నమోదు లేని చిన్న జిమ్ ముందునుంచీ ఆ పన్నే వసూలు చేయదు, కాబట్టి తగ్గించేదేమీ ఉండదు. నమోదైన జిమ్‌లకు కూడా కొత్త రేటుతో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ పోయింది. యంత్రాల మీద, అద్దె మీద కట్టిన పన్నును ఇక సర్దుబాటు చేసుకోలేరు. ఈ రెండు సంగతులూ తెలిసిన ట్రైనర్‌కు ఆ సంభాషణ అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

బేరానికి తావు లేని చోటు

మొదట్లో చెప్పుకున్న నాలుగో రకం, ప్రవర్తన, వేరు. మహిళా ట్రైనర్‌కు అర్ధరాత్రి మెసేజ్‌లు పెట్టడం, ఒంటి గురించి వ్యాఖ్యలు చేయడం, వ్యాయామం నెపంతో తాకడం, తోటి మెంబర్లను వీడియో తీయడం. వీటిని 'కష్టమైన క్లయింట్‌ను నేర్పుగా సంభాళించడం' అనే మాట కింద చేర్చడం అన్యాయం. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల చట్టం, 2013 యజమానికి అప్పగించిన బాధ్యతల్లో, పనిచోటుకు వచ్చిపోయే బయటివారి నుంచి రక్షణ కూడా ఉంది. అంటే వేధించేది డబ్బు కట్టిన క్లయింట్ అయినా యజమాని తప్పించుకోలేడు. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న చిన్న జిమ్‌లో అంతర్గత కమిటీ ఉండదు కాబట్టి ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపు 75వ సెక్షన్ కింద, వెంటపడటం 78వ సెక్షన్ కింద నేరాలు.

హద్దు రెండు వైపులా ఉంటుంది. భంగిమ సరిదిద్దడానికి తాకవలసి వస్తే ముందు అడగడం, వీలైతే తాను చేసి చూపించడం, అద్దంలో చూపించడం అలవాటుగా ఉన్న జిమ్‌లలో తర్వాత అపార్థాలకు తావు తక్కువ. ఉత్తరప్రదేశ్ మహిళా కమిషన్ 2024 చివర్లో మహిళలకు మహిళా ట్రైనర్లే ఉండాలని ప్రతిపాదించినప్పుడు, దానివల్ల భద్రత పెరుగుతుందని కొందరు, మహిళా ట్రైనర్లు తక్కువగా ఉన్న ఊళ్లలో ఆడవారికి జిమ్ తలుపులే మూసుకుపోతాయని ఇతరులు వాదించారు. చిన్న పట్టణాల్లో ఈ రెండో భయం నిరాధారం కాదు.

"అన్నా, ఇంజెక్షన్ ఇప్పిస్తే మూడు నెలల్లో కటింగ్ వచ్చేస్తుందంట" అని, అంటే కండరాలు చెక్కినట్టు కనిపిస్తాయని, అడిగే కుర్రవాడి విషయంలోనూ బేరం లేదు. ఆ ఇంజెక్షన్లలో ఉండే, కండలు పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లు డాక్టర్ చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ అందితే శరీరం సొంతంగా తయారు చేసుకోవడం ఆపేస్తుంది. వృషణాలు కుదించుకుపోయి వీర్యకణాలు తగ్గుతాయి, మంచి కొలెస్టరాల్ పడిపోతుంది, గుండె కండరం మందమవుతుంది. 'నేను ఇవ్వకపోతే బయట ఎక్కడో తీసుకుంటాడు, నా దగ్గరైతే మోతాదు చూసుకుంటాను' అని చెప్పుకునే ట్రైనర్లు ఉన్నారు. ఆ మోతాదు చూడటానికి కావలసిన చదువుగానీ రక్తపరీక్షలు చదివే అధికారంగానీ ట్రైనర్‌కు లేవు. ఇప్పటికే వాడుతున్నవాడిని తిట్టి తరిమేయకుండా ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) దగ్గరకు పంపడం మాత్రం చేయవచ్చు.

విడిపోవలసి వచ్చినప్పుడు

కొన్నిసార్లు ఎవరి తప్పూ లేకుండానే ఇద్దరికీ కుదరదు. అప్పటిదాకా చేసిన వ్యాయామాల నోటుపుస్తకం, కొలతలు క్లయింట్ చేతిలో పెట్టి, మరో ట్రైనర్‌ను పరిచయం చేసి తప్పుకోవడం వృత్తిలో మర్యాదగా ఎంచుతారు. వేధింపు జరిగిన చోట ఈ మర్యాద వర్తించదు. అక్కడ సభ్యత్వం రద్దు చేయడం యజమాని పని.

అయితే అసలు పీటముడి డబ్బు దగ్గర పడుతుంది. పన్నెండు సెషన్ల పీటీకి 6,000 కట్టిన క్లయింట్ ఏడు సెషన్ల తర్వాత విడిపోతే, మిగిలిన అయిదింటికి 2,500 తిరిగివ్వాలి. అందులో సగం వాటా ట్రైనర్‌కు ఆ నెల మొదట్లోనే చేరిపోయి ఉంటే, ఆ 1,250 ఎవరు భరించాలి? మిగతా సెషన్లు చెప్పబోయే కొత్త ట్రైనర్‌కు వాటా ఎక్కడి నుంచి రావాలి? నియామక పత్రమే లేకుండా నోటిమాట మీద పనిచేసే చోట ఈ ప్రశ్నకు జవాబు యజమాని ఆ రోజు మనసును బట్టి ఉంటుంది. వాటాను క్లయింట్ కట్టిన రోజు కాకుండా సెషన్ పూర్తయిన రోజు లెక్కగట్టి ఇచ్చే జిమ్‌లలో ఈ తగాదా రాదు, ఎందుకంటే చెప్పని అయిదు సెషన్ల సొమ్ము ఇంకా జిమ్ ఖాతాలోనే ఉంటుంది, అది క్లయింట్‌కైనా కొత్త ట్రైనర్‌కైనా అక్కడి నుంచే వెళుతుంది.